బర్మా ఎండురొయ్యల కారం చేయాలి, వరంగల్‌లో మంచి రొయ్యలు ఎలా చూసి కొనాలి?

హన్మకొండ కోడలు:
మా అత్తమ్మ రంగూన్‌లో పుట్టింది. 1965లో ఓడలో వైజాగ్ వచ్చేసరికి ఎనిమిదేళ్లట, పెళ్లయ్యేదాకా అక్కడే బర్మా క్యాంపులో పెరిగింది. ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి, మొన్న జ్వరం తగ్గాక నోరు చేదుగా ఉంది, మా అమ్మ చేసే బాలాచాంగ్ ఉంటే రెండు ముద్దలు ఎక్కువ తిందును అన్నది. ఎండురొయ్యల పొడి, ఎల్లిపాయ, ఉల్లిగడ్డ, ఎండుమిర్చి నూనెలో కరకరలాడేదాకా వేయించే కారం అది, వేడన్నంలో కలుపుకుంటారు. సరేనని ఇంటి దగ్గర దుకాణంలో పావుకిలో ఎండురొయ్యలు తెచ్చి చేస్తే నోట్లో ఇసుక, పైగా ఎల్లిపాయ మాడి చేదు. అత్తమ్మ ఏమీ అనలేదు, కానీ రెండో ముద్దకు పెరుగు వేసుకుంది. పైన ఉండే ఓనరాంటీ మాత్రం ఏం వండుతున్నవ్ బిడ్డా అని రెండుసార్లు కిందికి వచ్చింది.

రొయ్యలు కొనేటప్పుడు ఏం చూడాలి? అందులో నాపీ అని ఏదో వేయాలంటోంది, అది ఇక్కడ దొరకదు కదా, దాని బదులు ఏం వేస్తారు? మొహింగా అనే చేపల పులుసు కూడా తలుచుకుంటోంది, దానికి ఏ చేప తేవాలో కూడా చెప్పండి.

కాజీపేట నుంచి:
ప్యాకెట్లో కట్టిపెట్టినవి కొనకండి, అసలు తప్పు అక్కడే. వారం సంతలో గంపల్లో పోసి అమ్మే ఆడవాళ్ల దగ్గరికి పోయి గుప్పెడు తీసుకుని పిడికిట్లో నొక్కి చూడండి. గలగలమని శబ్దం రావాలి, చేతికి తడి తగిలితే వద్దు. ఒకటి విరిస్తే పుటుక్కున విరగాలి. ముక్కు దగ్గర పెడితే సముద్రం వాసన రావాలి గానీ ముక్కు మండే ఘాటు రాకూడదు, అలా వచ్చిందంటే ఎండకముందే పాడైనట్టు. అన్నీ ఒకే రకం గులాబీ రంగులో మెరుస్తుంటే రంగు కలిపారేమోనని నాకు అనుమానం, మంచివి కొంచెం అటూ ఇటూగా నారింజ రంగులో ఉంటాయి. ఇంకోటి, మనం వంకాయలో వేసుకునే రొయ్యపొట్టు దీనికి పనికిరాదు. కండ ఉన్నవి, తల తోక పొట్టు తీసినవి అడగండి. రేటు ఎక్కువే, కానీ పొట్టుతో ఉన్నవి కొంటే ఒలిచాక మిగిలేది చాలా తక్కువ.

ఇసుక సంగతి, చాటలో చెరిగి, గోరువెచ్చని నీళ్లలో ఒక్కసారి ముంచి తీసి, గుడ్డ మీద ఎండబెట్టండి. నానబెట్టారో రుచంతా నీళ్లలోకే పోతుంది. వానాకాలంలో అయితే నేనసలు కొనను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర బోట్లు సముద్రంలోకి పోవు, ఆ తర్వాత వానలు, సరిగ్గా ఎండవు. ఏడాదికి సరిపడా మార్చిలోనే కొని డబ్బాలో పెట్టుకుంటాం.

వైజాగ్ అబ్బాయి:
మా అమ్మగారిది కూడా రంగూనేనండి, మా ఇంట్లో ఇది నెలకోసారి ఉండాల్సిందే. నాపీ అంటే ఉప్పేసి పులియబెట్టి ముద్ద చేసిన చేప లేదా రొయ్య, బర్మావాళ్లు ఙపి అంటారు. బాలాచాంగ్‌కి రొయ్యలతో చేసినదే బాగుంటుంది. దానికి దగ్గరగా ఉండేది థాయ్‌లాండ్ కపి, ఆన్‌లైన్లో వస్తుంది. చిన్న డబ్బా చాలు, 200 గ్రాముల రొయ్యలకు ఒక చెంచా మించొద్దు. అదీ దొరక్కపోతే వదిలేయండి, నాపీ లేకుండా చేసేవాళ్లూ ఉన్నారు. రొయ్య బాగోకపోతే మాత్రం ఎన్ని వేసినా లాభం లేదు.

మీకు చేదు రావడానికి కారణం అన్నీ ఒకేసారి వేయడం అనుకుంటాను. వేరుశనగ నూనె ఎక్కువగానే పోసి, సన్న మంట మీద ముందు వెల్లుల్లి రేకులు వేయించండి, లేత బంగారు రంగు రాగానే తీసేయాలి, బయటికి తీశాక కూడా అది రంగు తిరుగుతూనే ఉంటుంది. తర్వాత ఉల్లిపాయలు, అవీ విడిగా తీసి పెట్టుకోండి. అదే నూనెలో పసుపు, నాపీ, చిక్కటి చింతపండు గుజ్జు ఒక చెంచా, రొయ్యల పొడి వేసి తడంతా పోయేదాకా కలుపుతూ ఉండాలి. చింతపండు ఎక్కువైతే మెత్తబడిపోతుంది. పొయ్యి ఆపాక కారం, కొంచెం పంచదార. పూర్తిగా చల్లారాక వెల్లుల్లి, ఉల్లిపాయలు కలపాలి, వేడి మీద కలిపితే కరకర పోతుంది. నాపీ వేయించే పని మాత్రం డాబా మీద పెట్టుకోండి, ఓనరాంటీ మళ్లీ వస్తారు.

మిర్చియార్డు:
ఎనుమాముల మార్కెట్ ఊళ్లో పెట్టుకుని దీనికి ప్యాకెట్ కారం వేస్తే పాపం తగులుతుంది. రంగుకు చపాటా మిర్చి, ఘాటుకు తేజ. చపాటాకు 2025లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది, ఎర్రగా ఉంటుంది గానీ మండదు, జ్వరం నుంచి లేచిన అత్తమ్మకు అదే నయం. మూడొంతులు చపాటా, ఒక వంతు తేజ, కచ్చాపచ్చాగా దంచి వేయండి.

హాస్టల్ మెస్:
నిట్‌లో చదివేటప్పుడు మణిపూర్ దోస్తులు ఙారి అని ఇంటి నుంచి తెచ్చేవాళ్లు, నాపీ బదులు అది వేస్తే?

వైజాగ్ అబ్బాయి:
రెండూ ఒకటి కాదండి. ఙారి ఉప్పు లేకుండా పులియబెట్టిన చిన్న చేప, నాపీ ఉప్పుతో నిండి ఉంటుంది. చట్నీకి బాగుంటుంది గానీ దీనికి నేనైతే వేయను.

చెరువు చేప:
మొహింగాకు బర్మాలో మార్పు జాతి చేప, అంటే క్యాట్ ఫిష్ వేస్తారు, కొర్రమీనుతోనూ చేస్తారు, మనకు చెరువుల్లో అదే దొరుకుతుంది కాబట్టి కొర్రమీను తెచ్చుకోండి. క్యాట్ ఫిష్ అని చవకగా అమ్మేది చాలాసార్లు ఆఫ్రికా రకం, దాని పెంపకమే మన దేశంలో నిషేధం. పులుసు చిక్కబడటానికి వేయించిన బియ్యప్పిండి గానీ శనగపిండి గానీ, నిమ్మగడ్డి, లేత అరటి ఊచ ముక్కలు వేసి, ఉడికించిన బియ్యం సేమియా మీద పోసుకోవాలి.

హన్మకొండ కోడలు:
అందరికీ థాంక్స్. సంతలో పావుకిలో దొరికాయి, ఇసుక లేదు, ఎల్లిపాయ మాడలేదు. నాపీ వేయలేదు, ఆర్డర్ ఇంకా రాలేదు. అత్తమ్మ రెండుసార్లు అడిగి వేయించుకుంది, కానీ మా అమ్మది పొడిలాగా ఉండేది కాదు, దూదిలాగా పోగులు పోగులుగా ఉండేది అంటోంది. నేను మిక్సీలో పట్టాను. ఎక్కడ తేడా పడింది?

వైజాగ్ అబ్బాయి:
మిక్సీతోనేనండి. బ్లేడు ముక్కలు చేస్తుంది, పోగులు రావు. రొయ్యల మీద కాస్త నీళ్లు చిలకరించి పావుగంట ఆగి రోట్లో దంచండి. రోలు లేకపోతే ఓనరాంటీని అడగండి, ఎలాగూ వాసన తెలిసిపోయింది కదా.