ఎండీ0 అని పెట్టుకుంటే ఎండీ127 అయి కూర్చుంది

నల్లతెర: డెబియన్ లినక్స్ యంత్రం, రెండు డిస్కుల మీద రెయిడ్-1 (ఒకే డేటా రెండింటి మీదా నకలుగా). బూట్ ఫైళ్లకు ఎండీ0, మిగతా సిస్టమ్ ఉండే రూట్‌కు ఎండీ1 అని రెండు అర్రేలు (రెయిడ్ జతలు). రెండూ చేత్తో కట్టినవే. యంత్రం పేరు మార్చి రీబూట్ చేస్తే ఎండీ127, ఎండీ126గా లేచాయి. ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో చెప్పే ఫైలు) పాత పేర్లున్నాయి, బూట్ దొరకక ఎమర్జెన్సీ షెల్‌లో ఆగిపోతోంది. డేటా పోకుండా సరిచేయడం ఎలా? స్వాప్‌ను (మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు చోటు) కూడా రెయిడ్ మీదే పెట్టాలా?

పాతసర్వర్: అసలు ఎఫ్‌స్టాబ్‌లో ఎండీ0 అని ఎవరు రాయమన్నారు? యూయూఐడీ (పేరు మారినా మారని గుర్తింపు సంఖ్య) రాయండి. బీఎల్‌కేఐడీ కమాండ్ చూపించే ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ సుమా. రెయిడ్‌ను నడిపే ఎండీఆడమ్ చూపించే కోలన్ల యూయూఐడీ అర్రేది, అది ఇక్కడ పనికిరాదు. ఇది చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది.

వానమబ్బు: పేరు ఎందుకు మారిందో కూడా చెప్పాలి కదా. ఎండీఆడమ్.కాన్ఫ్‌లో వరుస లేకపోతే సూపర్‌బ్లాక్‌లోని (డిస్కు మీద అర్రే వివరాలు రాసి ఉండే చోటు) హోస్ట్ పేరు, అంటే యంత్రం పేరు చూస్తుంది. అది కలవకపోతే పరాయి అర్రే అనుకుని 127 నుంచి కిందికి అంకెలు ఇస్తుంది. ‘ఎండీఆడమ్ --డీటెయిల్ --స్కాన్’ ఇచ్చిన వరుసల్లో పేర్లను ఎండీ0, ఎండీ1గా సరిచేసి కాన్ఫ్‌లో చేర్చి ‘అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యూ’ నడపండి. ఈ రెండోది వదిలేసి నన్ను తిట్టినవాళ్లున్నారు. బూట్ మొదట్లో చదివేది ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లోని (ముందుగా మెమరీలోకి ఎక్కే చిన్న సిస్టమ్) కాన్ఫ్ నకలునే.

రెయిడ్‌రాజు: ఇరవై ఏళ్లుగా సర్వర్లతోనే బతుకుతున్నాను. బూట్ అర్రేకు మెటాడేటా (సూపర్‌బ్లాక్ రూపం) 1.2 పెట్టి ఉంటారు, రోగం అక్కడే. 1.0 పెట్టాలి. సూపర్‌బ్లాక్ చివర ఉంటే బూట్‌లోడర్‌కు (సిస్టమ్‌ను లేపే ప్రోగ్రాము) మామూలు పార్టిషన్‌లాగే కనిపిస్తుంది.

వానమబ్బు: అది లిలో, పాత గ్రబ్ అనే బూట్‌లోడర్ల కాలం మాట. గ్రబ్ 2 నేరుగా 1.2ను చదువుతుంది. పైగా ఆయన యంత్రం గ్రబ్ దాటి షెల్ దాకా వచ్చింది. మీరు ప్రశ్న చదివారా?

రెయిడ్‌రాజు: ఈఎఫ్ఐ పార్టిషన్‌ను (మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్ నేరుగా చదివే బూట్ చోటు) 1.2 మీద పెట్టి చూడండి, అప్పుడు మాట్లాడదాం.

వానమబ్బు: ఈఎఫ్ఐ ఊసు ఎవరు ఎత్తారు? అక్కడ 1.0 కావాలి, నిజమే. ఫర్మ్‌వేర్‌కు రెయిడ్ తెలియదు. తెలియనిది ఒక డిస్కు మీదే ఏదైనా రాస్తే అద్దంలో రెండు ముఖాలు, అంటే రెండు నకళ్లూ కలవవు. ఆ సంగతి మీ ఇరవై ఏళ్లలో తగల్లేదా?

రెయిడ్‌రాజు: మర్యాదగా మాట్లాడండి. మీ సలహాతో ఎవరి డిస్కు పోయినా నాకు సంబంధం లేదు.

కరెంటుకోత: మీ గొడవ మీది. మా ఊళ్లో కరెంటు పోయినప్పుడల్లా రీసింక్ (రెండు డిస్కులనూ మళ్లీ ఒకటిగా చేయడం) మొదలయ్యేది. రైట్-ఇంటెంట్ బిట్‌మ్యాప్ (ఎక్కడ రాస్తోందో గుర్తుంచుకునే పట్టిక) పెట్టాక నిమిషాల్లో అయిపోతోంది. ఇంకా పెట్టనివాళ్లు ‘--గ్రో --బిట్‌మ్యాప్=ఇంటర్నల్’ చూడండి. యూపీఎస్ కూడా కొనండి.

నల్లతెర: యూయూఐడీ రాశాక బూట్ అయింది, కృతజ్ఞతలు. కాన్ఫ్ కూడా సరిచేస్తాను. స్వాప్ గురించి ఎవరూ చెప్పలేదు.

పాతసర్వర్: రెయిడ్ మీదే పెట్టండి. లేకపోతే స్వాప్ ఉన్న డిస్కు చచ్చిన రోజు నడుస్తున్న ప్రోగ్రాములు కూడా దానితోపాటే పోతాయి. గ్రబ్‌ను రెండు డిస్కుల మీదా ఎక్కించారా?

కరెంటుకోత: యూపీఎస్ ఏది తీసుకున్నారో ఎవరైనా చెప్తారా?