బ్యాంకాక్‌లో ఆకు బొమ్మ చూసి తిన్నాం, అందులో చేప సాస్ ఉంది. ఇది మోసం కాదా?

కృష్ణాతీరం: అమ్మను తీసుకుని బ్యాంకాక్ వచ్చాను. అమ్మ పక్కా శాకాహారి. నిన్న మధ్యాహ్నం ఎండకు తట్టుకోలేక సిలోమ్‌లో ఒక చిన్న ఏషియన్ ఫ్యూజన్ రెస్టారెంట్‌లో కూర్చున్నాం. మెనూలో తులసి టోఫు ఫ్రైడ్ రైస్ పక్కన పచ్చ ఆకు బొమ్మ ఉంటే తెప్పించాం. బిల్లు కట్టేటప్పుడు చూస్తే వంటాయన బాణలి పక్కన చేప బొమ్మ సీసా ఉంది. అడిగితే, ఫిష్ సాస్ అన్నిట్లోనూ కొంచెం వేస్తాం అన్నాడు. గట్టిగా రివ్యూ రాద్దామనుకుంటున్నాను. ఏమంటారు?

తెనాలి_శారద: ముమ్మాటికీ మోసమే. రాయండి.

బ్యాంకాక్‌వాసి: బాధ అర్థమైంది గానీ మోసం అనకండి. పచ్చ చుక్క మన దేశపు రూలు. ఇక్కడ నామ్ ప్లా, అంటే చేప సాస్, వంటలో ఉప్పుతో సమానం. మాంసం వద్దంటే ముక్కలు తీసేస్తారు, సాస్ సంగతి వాళ్ళకు తట్టదు. అడగాల్సిన మాట "జే". జే అంటే మాంసం, చేప, గుడ్డు, పాలు, చివరికి ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. పసుపు జెండా మీద ఎర్రగా 17 అంకెలా కనిపించే అక్షరం ఉంటే అది జే కొట్టు. "మాంగ్‌సవిరత్" అన్నా శాకాహారమే, కాకపోతే గుడ్డు ఉండొచ్చు. ఫ్యూజన్ చోట్ల ఇంకా జాగ్రత్త పడాలి. కొరియా పచ్చడి కిమ్చీలో ఉప్పు రొయ్యలు, జపాన్ మిసో సూప్‌లో ఎండు చేప తురుము కాచిన నీళ్ళు, చైనా కూరగాయల వేపుడులో ఆయిస్టర్ సాస్, అంటే ఆల్చిప్పల సాస్. ఇవన్నీ ఒకే వంటింట్లో ఉంటాయి.

రాజమండ్రి_రాజు: ఒక చెంచా సాస్‌కి ఇంత రాద్ధాంతం ఎందుకండీ? ముక్క తినలేదుగా.

తెనాలి_శారద: చెంచాడైతే చేప కాకుండా పోతుందా రాజు గారూ? మా ఆఫీసు పార్టీలో గ్రేవీలోంచి చికెన్ ముక్కలు ఏరేసి, ఇది నీకు వెజ్ అని పెట్టారు. "కొంచెమే" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

బ్యాంకాక్‌వాసి: శారద గారూ, అది వేరు, ఇది వేరు. అడగ్గానే దాచకుండా చెప్పాడు కదా. మోసగాడైతే చెప్పేవాడా?

తెనాలి_శారద: మీరు ఆకు బొమ్మ సంగతి వదిలేసి జే పాఠం చెబుతున్నారు. మొదటిసారి దేశం దాటిన పెద్దావిడకు జే అంటే ఏం తెలుస్తుంది?

బ్యాంకాక్‌వాసి: ఆవిడకు తెలియక్కర్లేదు. టికెట్లు కొన్న కొడుకు తెలుసుకోవాలి.

కృష్ణాతీరం: మాట కాస్త చూసుకుని అనండి. ఈ ట్రిప్ కోసం నెల రోజులు కూర్చుని ప్లాన్ చేశాను. మూడు రోజులుగా అమ్మ హోటల్ గదిలో కెటిల్ నీళ్ళలో అటుకులు నానబెట్టుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడితో తింటోంది. నాకు చూడబుద్ధి కాలేదు. ఒక్క పూట నా మాట విను అని బతిమాలాను. ఇక్కడివాళ్ళు కూడా తులసి వేసుకుంటారమ్మా అంటే అప్పుడు ఒప్పుకుంది. నేనే కూర్చోబెట్టాను.

పాలకొల్లు_పిల్ల: అన్నా, అడగొచ్చో లేదో తెలీదు. అమ్మకు చెప్పారా?

రాజమండ్రి_రాజు: ఇందాక తొందరపడి అన్నాను. ఏమీ అనుకోకండి.

కృష్ణాతీరం: చెప్పలేదమ్మా. ప్లేటు ఖాళీ చేసి "బాగుందిరా, ఇంగువ వేసినట్టున్నారు" అంది. నాన్న పోయాక ఏ తిండినీ బాగుందనలేదు. ఎలా చెప్పను?

బ్యాంకాక్‌వాసి: టికెట్ల మాట అనకుండా ఉండాల్సింది, క్షమించండి. ఇక ఈ విషయం ఎత్తకండి. తెలియక తిన్నదానికి దోషం లేదు. చెబితే మిగిలిన రోజులు ఆవిడ మంచినీళ్ళు కూడా బయట ముట్టదు.

తెనాలి_శారద: ఇది మాత్రం నేను ఒప్పుకోను. ఆ గ్రేవీ సంగతి నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది. తిన్నందుకు కాదు నేను ఏడ్చింది. ఆరు నెలలూ అందరికీ తెలిసి, నాకొక్కదానికే తెలియనందుకు. ఆవిడ నియమం ఆవిడది. దాని గురించి ఆవిడ బదులు మనం తీర్మానించకూడదు.

బ్యాంకాక్‌వాసి: మా నాన్నకు ఇలాగే నిజం చెప్పాను. తిరిగి విమానం ఎక్కేదాకా పళ్ళు మాత్రమే తిన్నాడు. మళ్ళీ నా దగ్గరికి రాలేదు. ఆ బాధ నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను.

తెనాలి_శారద: మీ నాన్నగారికి కనీసం మీ మాట మీద నమ్మకం మిగిలింది.

కృష్ణాతీరం: రివ్యూ రాయను. రేపు ఇక్కడి మనవాళ్ళ పేట పహురాత్ వెళ్ళి వెజ్ భోజనం పెట్టిద్దామనుకున్నాను. అమ్మేమో ఆ తులసి అన్నం ఇంకోసారి తినాలని ఉందంటోంది.

బ్యాంకాక్‌వాసి: జే అని థాయ్‌లో రాసిన కాగితం చూపించి, నామ్ ప్లా బదులు సోయా సాస్ వేయమనండి. బాణలి కడిగి చేయమని కూడా చెప్పండి. కాగితం నేను రాసి పంపుతాను.

తెనాలి_శారద: పంపండి. కానీ తమ్ముడూ, ముందు అమ్మకు చెప్పు, ఆ తర్వాతే తీసుకెళ్ళు.