ఇంటి పక్కన పెట్టిన ట్రైలర్‌లో ఏసీ ఆగకుండా నడవాలంటే కరెంటు ఎలా ఇవ్వాలి?

ప్లేనో_శ్రీను
అందరికీ నమస్తే. మేం డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాం. ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక ట్రావెల్ ట్రైలర్ తీసుకున్నాం. ఇంటి పక్కన గేటు లోపల పెట్టాను. జూన్‌లో అమ్మానాన్న వస్తున్నారు, అదే టైముకి అక్కావాళ్లు కూడా పిల్లలతో దిగుతున్నారు. ఇంట్లో గదులు చాలవు కాబట్టి కొన్ని రాత్రులు మేమిద్దరం ట్రైలర్‌లో పడుకుందామని అనుకున్నాం.

ట్రైలర్‌ది 30 ఆంప్ ప్లగ్గు. దానికి అడాప్టర్ తగిలించి గరాజ్‌లో మామూలు సాకెట్ నుంచి 100 అడుగుల ఎక్స్‌టెన్షన్ కార్డు లాగాను. లైట్లు, ఫ్రిజ్ బాగానే నడుస్తున్నాయి. ఏసీ వేస్తే మాత్రం కాసేపటికి బ్రేకర్ పడిపోతోంది. ఒక్కోసారి బ్రేకర్ బాగానే ఉంటుంది, సాకెట్ మీది జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే లైన్ ఆపేసే రక్షణ) బటన్ ట్రిప్ అవుతుంది. ఏసీ 13,500 బీటీయూ. టెక్సస్ ఎండలు మీకు తెలియనివి కావు. మీరు ఇంటి దగ్గర ఏం ఏర్పాటు చేసుకున్నారో చెప్పండి.

హ్యూస్టన్_సుబ్బు
శ్రీను గారూ, ముందు ఆ కార్డు మీద ఎన్ని గేజ్ (వైరు మందం, అంకె పెరిగే కొద్దీ వైరు సన్నం) అని రాసి ఉందో చూడండి. 16 అయితే ఏసీ వేయడం ఇప్పుడే ఆపేయండి. మిగతా సంగతులు తర్వాత మాట్లాడుకుందాం.

ఆస్టిన్_అనంత
సుబ్బు గారు సరిగ్గా చెప్పారు. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను.

మన దగ్గర గీజర్ పెట్టుకునే 16 ఆంప్ పవర్ ప్లగ్ అంటే 230 వోల్టుల మీద దాదాపు 3,680 వాట్లు. ఇక్కడ గరాజ్ సాకెట్ 15 ఆంప్ అంటే 120 వోల్టుల మీద 1,800 వాట్లే. అదీ గంటల తరబడి నడిచే లోడ్ అయితే 80 శాతం లెక్కే వేసుకోవాలి, అంటే 12 ఆంప్‌లు, 1,440 వాట్లు. మీ ట్రైలర్ అడిగే 30 ఆంప్ సాకెట్ 3,600 వాట్లు ఇస్తుంది. అంటే ఆ ట్రైలర్ మొత్తానికి కావలసింది మన ఇంట్లో ఒక పవర్ ప్లగ్ ఇచ్చేంత కరెంటు. మీరిప్పుడు దానికి అందులో సగం ఇస్తున్నారు.

ఇక కరెంటు వాడకం చూడండి. 13,500 బీటీయూ ఏసీ ఒక్కటే 12, 13 ఆంప్‌లు లాగుతుంది, మండుటెండలో ఇంకాస్త ఎక్కువే. బ్యాటరీని ఛార్జ్ చేసే కన్వర్టర్, బ్యాటరీ దిగిపోయి ఉంటే, ఇంకో 5 ఆంప్‌లు తీసుకోవచ్చు. ఫ్రిజ్ కరెంటు మీద ఉంటే సుమారు 3. వాటర్ హీటర్‌ది ఎలక్ట్రిక్ స్విచ్ ఆన్‌లో ఉండిపోతే అదొక్కటే దాదాపు 12. ఆ బ్రేకర్ పడక ఏం చేస్తుంది? పైగా గరాజ్ సాకెట్లున్న లైన్ మీదే చాలా ఇళ్లలో బయటి సాకెట్లు, ఫ్రీజర్ కూడా ఉంటాయి. అక్కడ ఇంకేం ఉన్నాయో ఆ బ్రేకర్ ఆఫ్ చేసి ఇల్లంతా ఒకసారి తిరిగి చూడండి.

తాత్కాలికంగా ఫ్రిజ్, వాటర్ హీటర్ రెండూ గ్యాస్ మీదకి మార్చండి. సరైన లైన్ వచ్చేదాకా ఏసీ జోలికి పోవద్దు.

హ్యూస్టన్_సుబ్బు
కార్డు విషయం ఎందుకంత గట్టిగా అన్నానంటే, 16 గేజ్ వైరు 100 అడుగులు లాగి 12 ఆంప్‌లు పంపితే దారిలోనే 9, 10 వోల్టులు పోతాయి. 10 గేజ్ అయితే రెండున్నర లోపే. ఎండాకాలం మధ్యాహ్నం గోడ దగ్గర 116 ఉందనుకోండి, ట్రైలర్ దగ్గరికి వచ్చేసరికి 106. కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో ఇంకా కిందికి పడుతుంది.

మా నాన్నగారు గుంటూరు దగ్గర పొలంలో లో వోల్టేజ్‌కి మోటార్లు కాలిపోయి వైండింగ్‌కి మోయడం నేను చిన్నప్పుడు చూశాను. ట్రైలర్ ఏసీ కంప్రెసర్‌లో ఉన్నదీ మోటారే. వోల్టేజ్ తగ్గితే ఎక్కువ ఆంప్‌లు లాగి వేడెక్కి చస్తుంది. బ్రేకర్ పడితే మన అదృష్టం అనుకోవాలి. పడకుండా 104, 105 మీద రోజులు గడిస్తే అసలు నష్టం అప్పుడే. ప్రోగ్రెసివ్ ఇండస్ట్రీస్ ఈఎంఎస్ లాంటి పరికరం పెట్టుకుంటే 104 కంటే కిందికి పోగానే తనే కట్ చేస్తుంది. అది కొనేలోపు, ట్రైలర్ లోపల సాకెట్‌కి పెట్టుకునే చిన్న వోల్ట్ మీటర్ ఒకటి చాలు. ఏసీ నడుస్తుండగా రీడింగ్ చూడాలి, ఆపి చూస్తే ఏం తెలియదు.

శాక్రమెంటో_సుజాత
జీఎఫ్‌సీఐ ట్రిప్ గురించి నేను చెబుతాను, ఎందుకంటే అది వేరే కథ. లోడ్ ఎక్కువైతే పడేది బ్రేకర్. జీఎఫ్‌సీఐ చూసేది ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని. 5 మిల్లీఆంప్‌లు అటూ ఇటూ అయినా పడిపోతుంది. అంటే ట్రైలర్‌లో ఎక్కడో ఎర్త్‌కి కారుతోంది.

ట్రైలర్ ప్యానెల్‌లో బ్రేకర్లన్నీ ఆఫ్ చేసి ప్లగ్ పెట్టండి, తర్వాత ఒక్కొక్కటే ఆన్ చేయండి. దేన్ని ఆన్ చేస్తే పడిందో అదే దొంగ. ఎక్కువగా వాటర్ హీటర్ ఎలిమెంట్ అయి ఉంటుంది. ట్యాంకులో నీళ్లు లేకుండా స్విచ్ వేస్తే ఎలిమెంట్ చీలి ఇలా లీక్ అవుతుంది, సెకండ్ హ్యాండ్ ట్రైలర్లలో ఇది మామూలే.

అన్నీ ఆఫ్‌లో ఉన్నా పడుతుంటే న్యూట్రల్, ఎర్త్ ఎక్కడో కలుసుకున్నట్టు. బ్రేకర్ ఫేజుని మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది కాబట్టి బ్రేకర్లతో ఇది దొరకదు. మా ట్రైలర్‌లో పాత ఓనరు టీవీ స్టాండ్ బిగించిన స్క్రూ గోడ లోపల వైరు తొడుగు చీల్చుకుని న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య దిగి ఉంది. స్క్రూ విప్పితే దాని మరల మధ్య తెల్లటి తొడుగు పీలిక ఇరుక్కుని కనిపించింది.

శ్రీను గారూ, ఎవరైనా "జీఎఫ్‌సీఐ తీసేసి మామూలు సాకెట్ పెట్టెయ్" అంటే దయచేసి వినొద్దు. ఆ కార్డులో ఎర్త్ తెగితే ట్రైలర్ ఒళ్లంతా కరెంటు వస్తుంది. తడి నేల మీద నిలబడి మెట్టు ఎక్కుతూ చెయ్యి పెట్టేది మీ పిల్లలో, పెద్దవాళ్లో.

ఫీనిక్స్_ఫణి
అందరూ కార్డు గురించే మాట్లాడుతున్నారు. శ్రీను అన్నా, నువ్వు చివరికి 30 ఆంప్ సాకెట్ పెట్టించుకుంటావు, అది ఖాయం. కానీ ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడే ముందు ఇది చదువు.

మా వీధిలో మనవాళ్లే ఒకరు "ట్రైలర్‌కి 30 ఆంప్ లైన్ కావాలి" అని మాత్రం చెప్పారు. వచ్చినాయన మంచి పనివాడే, కానీ ఇళ్లలో 30 ఆంప్ అంటే బట్టలు ఆరబెట్టే డ్రయర్ అని, దానికి 240 వోల్టులని ఆయనకు అలవాటు. ట్రైలర్లకి వాడే 30 ఆంప్ టీటీ-30 సాకెట్ కూడా పాత డ్రయర్ సాకెట్‌లాగే మూడు కాళ్లతో ఉంటుంది. రెండు ఫేజులూ కలిపే డబుల్ పోల్ బ్రేకర్ వేసి 240 ఇచ్చేశారు. ప్లగ్ పెట్టగానే మైక్రోవేవ్, కన్వర్టర్, టీవీ మొత్తం పోయాయి. కన్వర్టర్ మూత తీస్తే బోర్డు మీద కెపాసిటర్ పగిలి, చుట్టూ నల్లగా మసి.

కాబట్టి నోటితో చెప్పొద్దు, కాగితం మీద రాసివ్వు: టీటీ-30 సాకెట్, 120 వోల్టులు, సింగిల్ పోల్ 30 ఆంప్ బ్రేకర్, 10 గేజ్ రాగి వైరు. పని అయ్యాక మల్టీమీటర్ పెట్టి చూడు. ఫేజు నుంచి న్యూట్రల్‌కి 120, ఫేజు నుంచి ఎర్త్‌కి 120, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి సున్నా దగ్గర. ఎక్కడైనా 240 కనిపిస్తే ట్రైలర్ ప్లగ్ ముట్టుకోవద్దు. మీటర్ పాతిక డాలర్లు కూడా ఉండదు.

ఎడిసన్_వాణి
మా గరాజ్‌లో టెస్లా కోసం పెట్టిన 14-50 (50 ఆంప్‌ల) సాకెట్ ఉంది. దాని నుంచి 30 ఆంప్ అడాప్టర్ పెట్టి ట్రైలర్‌కి ఇవ్వొచ్చా? కారు, ట్రైలర్ ఒకేసారి కాదు.

ఆస్టిన్_అనంత
ఇవ్వొచ్చు వాణి గారూ. 14-50లో రెండు ఫేజులు, న్యూట్రల్, ఎర్త్ ఉంటాయి. 50 నుంచి 30కి మార్చే డాగ్‌బోన్ అడాప్టర్ అందులో ఒక ఫేజునే తీసుకుని 120 వోల్టులు ఇస్తుంది. ట్రైలర్ లోపల 30 ఆంప్ మెయిన్ బ్రేకర్ ఉంటుంది కాబట్టి లోపలి లోడ్ అదుపులోనే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: వెనక బ్రేకర్ 50ది, మీ కార్డు 30ది. కార్డు నలిగినా, తొడుగు చిట్లినా అశ్రద్ధ చేయకండి. ఇంకోటి, సాకెట్‌లో న్యూట్రల్ నిజంగా కలిపారో లేదో మీటర్‌తో చూడండి. కారు ఛార్జింగ్‌కి న్యూట్రల్ అక్కర్లేదు కాబట్టి కొందరు దాన్ని ఖాళీగా వదిలేస్తారు.

రోజూ పీకి పెడుతుంటే చవక సాకెట్ లోపలి పట్టు వదులవుతుంది, వేడెక్కుతుంది. హబ్బెల్ లాంటి ఇండస్ట్రియల్ రకం పెట్టించండి. ధర ఎక్కువే, కానీ గంటల తరబడి లోడ్ ఉండే చోట అది కావాల్సిందే.

కరీంనగర్_క్యాంపర్
నేనైతే శ్రీను గారిని కూడా నేరుగా 50 ఆంప్ లైనే వేయించుకోమంటాను. తవ్వడం ఒకటే, కూలీ దాదాపు ఒకటే. 10 గేజ్ బదులు 6 గేజ్ రాగి వైరుకి ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ 50 ఆంప్ అంటే రెండు ఫేజుల మీద 12,000 వాట్లు. రేపు రెండు ఏసీల ట్రైలర్ కొన్నా, ఎలక్ట్రిక్ కారు కొన్నా మళ్లీ తవ్వక్కర్లేదు.

హ్యూస్టన్_సుబ్బు
ఇంటి మెయిన్ ప్యానెల్ 200 ఆంప్ అయితే మీ మాట ఒప్పుకుంటాను. పాత ఇల్లు, 100 ఆంప్ ప్యానెల్, ఇంట్లో ఎలక్ట్రిక్ పొయ్యి, డ్రయర్, సెంట్రల్ ఏసీ ఉంటే 50కి చోటు ఉండకపోవచ్చు. లోడ్ లెక్క వేయించకుండా ఖాళీ స్లాట్లు ఉన్నాయి కదా అని బ్రేకర్ పెట్టేయకూడదు. ఒక ఏసీ ట్రైలర్‌కి 30 పుష్కలం.

కరీంనగర్_క్యాంపర్
లెక్క వేయించాకే, ఒప్పుకుంటాను సుబ్బన్నా. తవ్వే ముందు 811కి ఫోన్ చేయడం మర్చిపోవద్దు. ఫ్రీగా వచ్చి గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో రంగు గీతలు గీసి వెళ్తారు. వైరు పీవీసీ పైపులో వేస్తే 18 అంగుళాల లోతు, పైపు లేకుండా నేరుగా పాతే కేబుల్ అయితే 24. సిటీ పర్మిట్ తీసుకోండి. కొత్త కోడ్ ప్రకారం బయట పెట్టే 30, 50 ఆంప్ సాకెట్లకి కూడా చాలా చోట్ల జీఎఫ్‌సీఐ అడుగుతున్నారు. కాబట్టి సుజాత గారు చెప్పిన లీక్ సంగతి ముందే తేల్చుకోవాలి, లేకపోతే కొత్త లైన్ వేసినా అదే తలనొప్పి.

ప్లేనో_శ్రీను
ఇన్ని వివరాలు ఇచ్చినందుకు అందరికీ థాంక్స్. కార్డు 16 గేజే. చుట్ట చుట్టిన భాగం మీద చెయ్యి పెడితే మెత్తబడి వేడిగా ఉంది, తీసేశాను. గరాజ్ ఫ్రీజర్ కూడా అదే లైన్ మీద ఉంది. జీఎఫ్‌సీఐ పడింది సుజాత గారన్నట్టు వాటర్ హీటర్ వల్లే. ఇంకో ప్రశ్న: సాఫ్ట్ స్టార్ట్ పెడితే మామూలు సాకెట్ మీదే ఏసీ నడుస్తుందని ఒక వీడియోలో చూశాను. అప్పుడు కొత్త లైన్ అవసరం లేదా?

ఆస్టిన్_అనంత
సాఫ్ట్ స్టార్ట్ తగ్గించేది కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటునే. నడుస్తున్నంతసేపూ ఆ 12, 13 ఆంప్‌లు అలాగే ఉంటాయి. చిన్న జనరేటర్ మీద ఏసీ స్టార్ట్ కావాలంటే అది చాలా మంచి వస్తువు, నేనూ పెట్టుకున్నాను. కానీ రాత్రంతా మనుషులు పడుకునే చోట, మామూలు సాకెట్ తన పరిమితి మీద వేడెక్కుతూ ఉంటే మాత్రం వద్దు. లైన్ వేయించండి.

ప్లేనో_శ్రీను
లైన్ పని అయిపోయింది. మెయిన్ ప్యానెల్ బయట గోడకే ఉంది కాబట్టి దూరం తక్కువ, తవ్వే పని తప్పింది. లోడ్ లెక్క చూసి 30 ఆంపే వేయించాను. ఫణి చెప్పిన నాలుగు ముక్కలు కాగితం మీద రాసి ఇచ్చాను. ప్లగ్ పెట్టకముందు మీటర్‌లో 121, 121, సున్నా. ఏసీ, ఫ్రిజ్ కలిపి నడుస్తుంటే లోపల 118.

మినియాపొలిస్_రాజు
ఆలస్యంగా వచ్చాను. చలి ప్రాంతాల వాళ్ల కోసం ఒక మాట. శీతాకాలం ట్రైలర్ ఊరికే పార్క్ చేసి బ్యాటరీ బాగుండాలంటే మామూలు 15 ఆంప్ సాకెట్, 12 గేజ్ కార్డు సరిపోతుంది. 1,500 వాట్ల రూమ్ హీటర్ మాత్రం ఆ కార్డు మీద పెట్టకండి, అదొక్కటే 12.5 ఆంప్‌లు. పూర్తి ఛార్జ్ ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మా చలికి కూడా గడ్డకట్టదు, దిగిపోయినది పగులుతుంది. పాత కన్వర్టర్లు నెలల తరబడి ఎక్కువ ఛార్జ్ చేసి నీళ్లు ఆవిరి చేస్తాయి కాబట్టి అప్పుడప్పుడు మూత తీసి డిస్టిల్డ్ వాటర్ చూసుకోండి. లిథియం బ్యాటరీ అయితే సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే కింద ఛార్జ్ చేయకూడదు. లోపల హీటర్ లేని రకమైతే విప్పి ఇంట్లోకి తెచ్చుకోండి.