దెయ్యం కథకి సరుకు ఎక్కడ వెతకాలి?

పర్లాకిమిడి కుర్రాడు:
మాది ఒడిశాలోని గజపతి జిల్లా. దెయ్యం కథలు రాయాలని ఎంతో ఆశ. ఏది రాసినా సినిమాల్లోని పాడుబడ్డ బంగళా, తెల్లచీర దగ్గరే ఆగిపోతోంది. మన ఊరి భయం పట్టుకోవాలంటే ఎలా?

గుణుపురం అక్క:
తమ్ముడూ, మీ ఊరి రైలు చాలదా? నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో సన్నపట్టాల (నారోగేజ్) చిన్నబండి మొదలైంది, మా గుణుపురం దాకా 1931లో వచ్చింది. ఇప్పుడు ఆ సన్నపట్టాలు లేవు, పెద్దలైను పడింది. రాత్రిపూట చిన్నబండి కూత ఒక్క ముసలాయనకే వినబడుతోందనుకో. ఆయన ఎవర్ని దింపుకోడానికి స్టేషనుకి వెళ్తున్నాడో ముందు తేల్చుకో, దెయ్యం సంగతి తర్వాత. పోయినవాళ్ల మీద బెంగ లేని కథ నన్నెప్పుడూ భయపెట్టలేదు.

రాయగడ మాస్టారు:
బాబూ, కరెంటు పోయినప్పుడు మీ నాయనమ్మని కదిపి పాత కథలు చెప్పించుకో. మధ్యలో ఒడియా మాటలొస్తే అలాగే రాసుకో, మార్చకు.

పర్లాకిమిడి కుర్రాడు:
అక్కా, మా తాతయ్య ఆ బండి ఎక్కినవాడే. ఇవాళే అడుగుతా.