స్టార్‌వుడ్ పండుగకు డప్పు తీసుకెళ్లవచ్చా?

అమెరికాలోని ఒహాయోలో ఏటా జులైలో జరిగే స్టార్‌వుడ్ పండుగకు వెళ్లినవారు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. 1981లో మొదలైన ఈ పేగన్ (క్రైస్తవానికి ముందునాటి ప్రకృతి ఆరాధనను అనుసరించేవారి) ఉత్సవం మధ్యలో చాలా ఏళ్లు న్యూయార్క్ రాష్ట్రంలో జరిగి, 2010లో పోమెరాయ్ దగ్గరి విస్టీరియా అనే చోటికి మారింది. అక్కడ గుడారాల్లోనే కాపురం. పగలంతా ఉపన్యాసాలు, శిక్షణ తరగతులు, పూజలు. రాత్రి నెగడు చుట్టూ వాయిద్యాలు, నాట్యాలు. చివరి శనివారం వేసే నెగడు ముందు మన భోగిమంట దీపమంతే! మేం కొలంబస్‌లో ఉంటాం, తోటి ఉద్యోగి రమ్మని ఒకటే పోరు.

నా అసలు సందేహం డప్పు గురించి. అక్కడ చేత్తో వాయించే ఆఫ్రికా డోళ్లు, జెంబేలే ఎక్కువట. మనది పుల్లలతో కొట్టేది, మోత ఎక్కువ. పైగా రాత్రి మంచుకు చర్మం సడలితే మంట దగ్గర కాచాలి, లేకపోతే మొద్దుగా మోగుతుంది. వాళ్లు ఆ నిప్పును పవిత్రంగా చూస్తారు కదా, దాని సెగకు డప్పు కాచుకుంటే తప్పు పడతారా? విడిగా చిన్న మంట వేసుకోనిస్తారా?

ఇంకొకటి. అక్కడ బట్టలు వేసుకోవడం, మానడం ఎవరిష్టం వారిదట. నాకు అభ్యంతరం లేదు కానీ, మా అత్తగారు కూడా వస్తానంటున్నారు! పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లినవారు గుడారం ఎటువైపు వేసుకున్నారు? శాకాహారం దొరుకుతుందా, బియ్యం, పచ్చళ్లు మోసుకెళ్లాలా?