ప్రిజన్ ఆర్కిటెక్ట్‌లో క్యాంటీన్ చెంచాలతో సొరంగాలు తవ్వేస్తున్నారు, ఎలా ఆపాలి?

అందరికీ నమస్కారం. ఇంట్రోవర్షన్ వాళ్లు తయారుచేసిన ప్రిజన్ ఆర్కిటెక్ట్ (జైలు కట్టి నడిపే కంప్యూటర్ గేమ్) బాగా ఆడేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి.

నా జైల్లో దాదాపు 150 మంది ఖైదీలు ఉన్నారు. మీడియం, మాక్సిమం సెక్యూరిటీ వాళ్లందరికీ క్యాంటీన్ ఒక్కటే. భోజనం టైమ్ అవ్వగానే తలుపు దగ్గరున్న మెటల్ డిటెక్టర్ మోగుతుంది. గార్డు ఒకణ్ణి పట్టుకుని వెతికేలోపు వెనక ఉన్న నలుగురు సెల్స్‌కి వెళ్లిపోతారు. ఆ చెంచాలు, ఫోర్కులతోనే రాత్రి టాయిలెట్ కింద నుంచి తవ్వుతున్నారు. షేక్‌డౌన్ (జైలంతా ఒకేసారి సోదా) పెడితే బోలెడు సామాను దొరుకుతోంది గానీ, ఆ టైమంతా ఖైదీలు సెల్స్‌లోనే ఉండిపోవాలి. అది ముగిసేసరికి ఆకలి, కోపం రెండూ పెరిగి గొడవలు మొదలవుతున్నాయి. రోజూ అలా చేయాలని నాకు లేదు. వాళ్లు చదువుకుని, వర్క్‌షాప్‌లో పని నేర్చుకుని బయటికెళ్లాలనే ఈ జైలు కడుతున్నాను.

రెండు వర్గాలకూ వేర్వేరు క్యాంటీన్లు కట్టడం మంచిదా, లేక రెజీమ్‌లో (ఖైదీల రోజువారీ టైమ్‌టేబుల్‌లో) భోజనం గంటలు మార్చి ఉన్నదాంతోనే నడపొచ్చా? గంటలు మారిస్తే వంటవాళ్లు రెండు విడతలకూ సరిపడా వండగలరా? డాగ్ హ్యాండ్లర్లని (కుక్కలతో కాపలా కాసే గార్డులని) సెల్ బ్లాక్ చుట్టూ తిప్పాలా, బయటి గోడ వెంట తిప్పాలా? డబ్బు ప్రస్తుతం కొత్త క్యాంటీన్, డాగ్ హ్యాండ్లర్లు, ఈ రెండింట్లో ఒకదానికే సరిపోతుంది. ముందు దేనికి పెట్టమంటారు?