ఉపగ్రహ చిత్రాలతో చేపల జాడ: సముద్రంలో కుదిరేది నాగార్జునసాగర్‌లో కుదురుతుందా?

ప్రశ్న (నాగార్జునసాగర్, మత్స్య సహకార సంఘ సభ్యుడు):
సభ్యులందరికీ నమస్కారం. మచిలీపట్నంలో మరపడవ నడిపే మా మేనల్లుడి ఫోనుకు, చేపలు దొరికే చోటు ఫలానా దిక్కున ఇంత దూరంలో ఉందని ఉపగ్రహ సమాచారం వస్తుంది. దానిని హైదరాబాద్ నుంచే పంపుతారట. మన జలాశయానికి కూడా అటువంటి సూచన తెప్పించుకోవచ్చునా?

జవాబు (షాద్‌నగర్ సభ్యుడు):
అన్నగారూ, అవి హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చే సూచనలు. మన పాత పాలమూరు జిల్లాలోని షాద్‌నగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి స్వీకరణ కేంద్రం ఉంది. సముద్రాన్ని గమనించే ఓషన్‌శాట్ ఉపగ్రహాల సమాచారం అక్కడ దిగుతుంది. అల అన్నది ఎరుగని మన ఊళ్లకు సముద్రపు కబురు ముందుగా చేరడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఉపగ్రహానికి చేప కనబడదు. పరారుణ కిరణాల వల్ల నీటి పైపొర వేడిమి, నీటి రంగును బట్టి అందులోని పత్రహరితం (నాచుకు పచ్చదనమిచ్చే పదార్థం) మాత్రమే తెలుస్తాయి. అడుగు నుంచి పోషకాలతో చల్లని నీరు పైకి వచ్చిన చోట కంటికి ఆనని నాచు పెరుగుతుంది, దానిని తినే చిన్న జీవులు చేరతాయి, వాటి వెంట కవళ్లు, కానాగంతల గుంపులు వస్తాయి. చల్లని నీరు, వెచ్చని నీరు కలిసే అంచు వెంబడి పత్రహరితం కూడా ఎక్కువగా ఉంటే, అక్కడ పటం మీద గీత గీస్తారు.

ఆ పటంలో ఒక్కొక్క చుక్క సుమారు కిలోమీటరు మేర. కొండల నడుమ సన్నబడే మన జలాశయంలో ఆ చుక్కలో సగం గట్టే పడుతుంది. పైగా వరద నీటి బురదను ఆ లెక్క పత్రహరితమని పొరబడుతుంది. పది మీటర్ల వివరమిచ్చే సెంటినెల్-2 అనే ఐరోపా ఉపగ్రహాల చిత్రాలలో బురద నీరు, నాచు తెట్టు కనబడతాయి గాని, బొచ్చె, రవ్వ చేపలు ఎక్కడున్నదీ తెలియదు. సంఘానికి ఖర్చు పెట్టే ఉద్దేశముంటే, నీటిలోకి ధ్వని పంపి లోతునూ చేపల గుంపునూ చూపే చిన్న సోనార్ పరికరం కొనడమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న (అదే సభ్యుడు):
వివరంగా చెప్పారు, సంతోషం. మేనల్లుడు మొన్న సూచనలోని అక్షాంశ, రేఖాంశాల అంకెలనే జీపీఎస్‌లో కొట్టి వెళితే, చూపిన చోటికి బాగా దక్షిణాన తేలాడు. కారణమేమై ఉంటుంది?

జవాబు (షాద్‌నగర్ సభ్యుడు):
సూచనలో అక్షాంశం 15 డిగ్రీల 30 నిమిషాలు అని ఉంటే, దానిని 15.30 అని కొట్టి ఉంటాడు. డిగ్రీకి 60 నిమిషాలు కనుక అది 15.50 కావాలి. ఈ తేడా ఒక్కటే 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు. ఆ మేరకు డీజిల్ దండగ. జీపీఎస్ సెట్టింగులలో డిగ్రీలు, నిమిషాల పద్ధతిని ఎంచుకోమనండి. గాలికి, ప్రవాహానికి ఆ అంచు జరుగుతూ ఉంటుంది కాబట్టి పాత సూచనతో బయలుదేరవద్దు. దట్టమైన మబ్బు పట్టిన రోజుల్లోనూ, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంలోనూ సూచన రాదు, దాని కోసం ఎదురుచూడనక్కరలేదు. అడుగున తిరిగే రొయ్యల కోసం వెళ్లేవారికి ఈ గీత పెద్దగా అక్కరకు రాదు.